పాట చెడకుండా ఎంపీ3 సౌండ్ సరిచేయడం ఎలా

బతుకమ్మ తొమ్మిది రోజులూ గల్లీలో సౌండ్ బాక్సుకు పెన్‌డ్రైవ్ పెట్టే పని నెత్తిన పడ్డవాళ్లకు ఈ తిప్పలు తెలిసే ఉంటాయి. పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన ఉయ్యాల పాట బాక్సు పక్కన నిలబడ్డా వినబడదు, సరే అని వాల్యూమ్ పెంచి అటు తిరిగేలోపు డీజే మిక్స్ మొదలై పక్క గల్లీ దాకా లొల్లి. నల్లగొండలో అయినా పాలమూరులో అయినా దీనికి అందరూ చేసేది ఒకటే, ఒక పిలగాన్ని ఆంప్లిఫయర్ దగ్గర కాపలా కూర్చోబెట్టడం. కాస్త కంప్యూటర్ తెలిసినవాళ్లైతే పాటను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, సౌండ్ పెంచి, మళ్లీ ఎంపీ3గా సేవ్ చేస్తారు. ఇది మాత్రం చేయకండి.

ఎంపీ3 అంటేనే చెవికి పెద్దగా తెలియని వివరాలను వదిలేసి కుదించిన ఫైల్. ఎడిటర్ దాన్ని విప్పి, సేవ్ చేసేటప్పుడు మళ్లీ మొదటి నుంచి కుదిస్తుంది, అందులో ఇంకొంత పోతుంది. సెకనుకు ఎంత డేటా అని చెప్పే బిట్‌రేట్‌ను 320 కేబీపీఎస్ పెట్టి సేవ్ చేసినా ముందే పోయింది తిరిగి రాదు, ఫైల్ సైజు పెరుగుతుంది అంతే. అసలే 128లో ఉన్న పాటకు ఇలా రెండు మూడుసార్లు చేస్తే చప్పట్లు, తాళాలు వచ్చే చోట నీళ్లలో కొట్టినట్టు ఉంటుంది.

విప్పకుండానే సౌండ్ మార్చే దారి ఎంపీ3 లోపలే ఉంది. పాట చిన్న చిన్న ఫ్రేములుగా ఉంటుంది, సీడీ నాణ్యతలో అయితే ఒక్కోటి 26 మిల్లీసెకన్లు, అంటే నాలుగు నిమిషాల పాటలో తొమ్మిది వేలకు పైనే. ప్రతి ఫ్రేములో గ్లోబల్ గెయిన్ అని 8 బిట్ల సంఖ్యలు ఉంటాయి, ఆ ముక్కను ఎంత గట్టిగా వినిపించాలో ప్లేయర్‌కు చెప్పేది అవే. వాటిని ఒకటి పెంచితే సౌండ్ 1.5 డెసిబెల్ పెరుగుతుంది, ఒకటి తగ్గిస్తే అంతే తగ్గుతుంది. మిగతా డేటాను ఎవరూ ముట్టుకోరు. 1.5 కంటే సన్నగా మార్చడం కుదరదు కానీ, పండుగ సందడిలో ఆ తేడా ఎవరికీ తెలియదు.

ఈ పని చేసే పాత, ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంపీ3గెయిన్. ఫోల్డర్ మొత్తం అందులోకి ఎక్కించి ట్రాక్ అనాలిసిస్ నొక్కండి, ఒక్కో పాట సౌండ్ ఎంతో అంకెల్లో చూపిస్తుంది. ఇది ఒక్కసారిగా ఎగసే దెబ్బల ఎత్తును కాదు, చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో దాన్ని లెక్కేస్తుంది, 2001లో డేవిడ్ రాబిన్‌సన్ ప్రతిపాదించిన రీప్లేగెయిన్ పద్ధతి అది. తర్వాత ట్రాక్ గెయిన్ నొక్కితే అన్నీ దాదాపు ఒకే స్థాయికి వస్తాయి. తెలుగు అక్షరాల్లో పేరున్న ఫైళ్లతో ఇది పేచీ పెట్టొచ్చు, ముందే ఇంగ్లిష్ అక్షరాల్లోకి పేరు మార్చుకుంటే గొడవ ఉండదు.

అసలు చూసుకోవాల్సింది టార్గెట్ అంకె, అంటే పాటలన్నిటినీ ఎన్ని డెసిబెల్‌ల స్థాయికి తేవాలో చెప్పేది. మామూలుగా 89 ఉంటుంది. కొత్త డీజే మిక్సులు 97, 98 దగ్గర కనిపిస్తాయి కాబట్టి 89కి తేగానే చాలామందికి సౌండ్ పడిపోయిందని టెన్షన్, వెంటనే టార్గెట్‌ను 98 చేసేస్తారు. అప్పుడు ఏమవుతుందంటే, పాత పాటలో మామూలు గొంతు తక్కువగా ఉన్నా మధ్యలో చప్పట్లు, డప్పు దెబ్బలు ఇప్పటికే అంచు దాకా ఉంటాయి, మొత్తం పెంచితే అవి అంచు దాటి పగులుతాయి. క్లిప్పింగ్ అని ఉన్న వరుసలో వై అనే అక్షరం కనిపిస్తే అర్థం అదే. అందుకే తక్కువ వాటిని పైకి లాగడం కాదు, ఎక్కువ వాటిని కిందికి దించడం మేలు, 89 గానీ మహా అయితే 92 గానీ పెట్టుకుని మిగతాది ఆంప్లిఫయర్ నాబ్‌కు వదిలేయండి, అది ఉన్నదే అందుకు. ఇంకో మాట, రికార్డింగ్‌లోనే పగిలిపోయిన పాటను ఎంత తగ్గించినా పగులు పోదు, ఆ పాటకు వేరే కాపీ వెతుక్కోవడమే.

ఒగ్గుకథలాంటివి భాగాలుగా ఉంటే ట్రాక్ గెయిన్ వాడొద్దు. మెల్లగా చెప్పే భాగం, డోలు మోగే భాగం ఒకే స్థాయికి వచ్చి కథ చప్పబడుతుంది. వాటిని వేరే ఫోల్డర్‌లో పెట్టి అన్ని భాగాలనూ ఒకే మోతాదులో మార్చే ఆల్బం గెయిన్ ఇస్తే లోపలి హెచ్చుతగ్గులు అలాగే ఉంటాయి.

ఎం4ఏ ఫైళ్లకు ఏఏసీగెయిన్ అని ఇలాంటిదే ఇంకోటి ఉంది. వాట్సాప్‌లో వచ్చే వాయిస్ మెసేజ్‌లు ఓపస్ ఫార్మాట్, ఈ పద్ధతి వాటికి పనికిరాదు. సౌండ్ బాక్సుకు వాటిని ఎట్లాగూ ఎంపీ3గా మార్చాలి కాబట్టి మార్చేటప్పుడే సౌండ్ చూసుకోండి. పాట డేటాను ముట్టుకోకుండా ట్యాగ్‌లో, అంటే పాట పేరులాంటి వివరాలుండే చీటీలో, గెయిన్ రాసి పెట్టే పద్ధతి కూడా ఉంది, కంప్యూటర్‌లో ఫూబార్2000 లాంటి ప్లేయర్ దాన్ని చదువుతుంది గానీ యూఎస్‌బీ బాక్సులు, ట్రాక్టర్ స్టీరియోలు చాలావరకు పట్టించుకోవు.

నచ్చకపోతే మాడిఫై గెయిన్ మెనూలో అన్‌డూ ఉంది. ఎంత మార్చిందో ఎంపీ3గెయిన్ ఆ ఫైల్ ట్యాగ్‌లోనే రాసుకుంటుంది కాబట్టి వచ్చే ఏడాది తీసి చూసినా వెనక్కి వెళ్లొచ్చు, మధ్యలో ఎవరైనా ట్యాగులు తుడిచేయకుంటే.