ఓవెన్ పాఠాలు – 4: గరిటె పెట్టకుండా పీచ్ కాబ్లర్

ఓవెన్‌ని ముందుగా వేడి చేయడం, కప్పుల కొలతలు, గ్రాముల కొలతలు, ఇవన్నీ పోయిన భాగాల్లో అయిపోయాయి కాబట్టి ఇవాళ తినేది ఒకటి చేద్దాం, పీచ్ పళ్లూ పిండీ కలిసి ఓవెన్‌లో కాలే కాబ్లర్ అనే అమెరికా తీపి వంటకం. కేకుతో ఎందుకు మొదలుపెట్టడం లేదని అడుగుతారేమో. కేకంటే గుడ్లు గిలక్కొట్టాలి, వెన్నా పంచదారా తెల్లగా నురగలా అయ్యేదాకా కలపాలి, ఎక్కడ తేడా వచ్చినా పొంగదు, అప్పుడు ఓవెన్ మీదే విరక్తి పుడుతుంది. కాబ్లర్‌కి ఆ టెన్షన్ లేదు. మనం చేసే ఈ రకంలో గుడ్డు అసలే ఉండదు, కాబట్టి గుడ్డు ముట్టని వాళ్లింట్లో భోజనాలకి కూడా ధైర్యంగా పట్టుకెళ్లొచ్చు.

ఇందులో నేర్చుకోవాల్సిన కష్టమైన పని ఒక్కటే, కలపకుండా ఊరుకోవడం. ఉప్మా దగ్గర్నుంచి హల్వా దాకా గరిటె తిప్పుతూ వంట నేర్చుకున్న చేతులు మనవి, గిన్నెలో రెండు వస్తువులు విడివిడిగా కనపడితే చాలు కలిపేయాలనిపిస్తుంది. ఇవాళ ట్రేలో వేశాక కలపకండి. ఎందుకో వంట మధ్యలో చెప్తాను.

ముందు ఇదేంటో రెండు ముక్కలు. అమెరికాకి వలస వచ్చిన తొలి తరాల వాళ్లకి సరైన ఓవెన్లు లేవు, మూత ఉన్న బరువైన ఇనప గిన్నెలో పళ్లు వేసి, పైన పిండి పరిచి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి కాల్చేవాళ్లు. మన వైపు పాతకాలంలో దిబ్బరొట్టె కాల్చిన పద్ధతీ ఇదే. ఇప్పుడు ఒక్కో ఊళ్లో ఒక్కోలా చేస్తారు, కొందరు పైన బిస్కెట్ (అమెరికాలో ఇది మెత్తటి చిన్న రొట్టె) పిండి ముద్దలు పెడతారు, కొందరు ‘పై’ (pie) అనే వంటకం తరహాలో పిండి పొర పరుస్తారు, దక్షిణ రాష్ట్రాల ఇళ్లలో ఎక్కువగా కనపడేది జారుగా ఉండే పిండితో చేసేది. అన్నిటిలో తేలికైనది అదే కాబట్టి మనం అదే తీసుకుంటున్నాం. టెక్సస్ వాళ్లు 2013లో పీచ్ కాబ్లర్‌ని తమ రాష్ట్ర అధికారిక కాబ్లర్‌గా ప్రకటించుకున్నారు. నన్నడిగితే పీచ్ అంటే జార్జియా రాష్ట్రానిదే, 1870లలో మార్షల్‌విల్‌లో శామ్యూల్ రంఫ్ అనే రైతు పెంచి, తన భార్య పేరు పెట్టిన ఎల్బర్టా పీచ్ వల్లే ఆ పంట దేశమంతా పేరు తెచ్చుకుంది. అట్లాంటా చుట్టుపక్కల ఉండేవాళ్లు జూన్‌లో ఓ శనివారం ఫోర్ట్ వ్యాలీ దాకా కారు తీస్తే పీచ్ పండగలో మంచం కన్నా పెద్ద ట్రేలో కాబ్లర్ చేసి పంచడం చూడొచ్చు.

పళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కాబ్లర్ రుచిలో సగం పైగా పండుదే. జార్జియా పీచ్‌లు మే మధ్యలో మొదలై ఆగస్టు దాకా వస్తాయి. మొదట్లో వచ్చేవాటికి గింజ కండకి అంటుకుని ఉంటుంది, కోస్తే ముక్కలు నలిగి చేతిలో గుజ్జవుతుంది. జూన్ మధ్య తర్వాత వచ్చేవాటిలో గింజ సులువుగా ఊడొస్తుంది, మీకు కావాల్సింది ఇవి. తొడిమ దగ్గర వాసన చూడండి. వాసన రాని పండు బల్ల మీద రెండ్రోజులు పెట్టండి, అప్పటికీ రాకపోతే దాన్ని ఉప్పూకారం చల్లుకుని తినేయండి, కాబ్లర్‌లో వేయొద్దు. ఎర్రగా ఉంది కదా పండిందేలే అనుకోకండి, ఆ ఎరుపు రకాన్ని బట్టి వచ్చేది, పక్వాన్ని బట్టి కాదు, చూడాల్సింది తొడిమ చుట్టూ ఉండే రంగు, అక్కడ పచ్చదనం పోయి పసుపు రావాలి.

కావాల్సినవి, 9 అంగుళాలు 13 అంగుళాలు ఉండే ట్రేకి: పీచ్‌లు పెద్దవి ఐదారు (ముక్కలు కోస్తే 4 కప్పులు రావాలి), వెన్న ఒక స్టిక్ అంటే 113 గ్రాములు, మైదా ఒక కప్పు, పంచదార ఒక కప్పు, పాలు ఒక కప్పు, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, ఉప్పు పావు టీస్పూన్, పళ్లలోకి ఇంకో అరకప్పు పంచదార, ఒక చెంచా నిమ్మరసం. మైదా, పంచదార, పాలు మూడూ ఒక్కో కప్పు, ఈ లెక్క ఒకసారి తలకెక్కితే మళ్లీ కాగితం చూడక్కర్లేదు. కప్పంటే అమెరికా కొలత కప్పు, 240 మిల్లీలీటర్లు, టీ తాగే కప్పు కాదు. ఇండియాలో ఉంటే 100 గ్రాముల వెన్న ప్యాకెట్ ఒకటి సరిపోతుంది, అది ఉప్పు వేసిన వెన్నయితే విడిగా ఉప్పు మానేయండి. ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) చిన్నదైతే అన్నీ సగం చేసి 8 అంగుళాల చదరపు ట్రే వాడండి.

బేకింగ్ పౌడర్ డబ్బా ఎప్పటిదో గుర్తులేకపోతే అర టీస్పూన్ వేడినీళ్లలో వేసి చూడండి, బుసబుసా పొంగాలి. పొంగకపోతే పడేయండి. వంటసోడా ఉంది కదా అని దాన్ని వేయకండి, సోడా పనిచేయాలంటే మజ్జిగలాంటి పులుపు కావాలి, ఈ పిండిలో అది లేదు, చివరికి సబ్బు రుచి మిగులుతుంది.

ఇక మొదలుపెడదాం. ఓవెన్‌లో దాచిన మూకుళ్లూ పెనాలూ బయటికి తీయండి (అమెరికాలో మనవాళ్ల ఓవెన్ అంటే ముప్పావు వంతు గిన్నెల బీరువానే). 350 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 180 సెల్సియస్‌కి పెట్టండి. పీచ్‌ల అడుగున కత్తితో అడ్డంగా నిలువుగా చిన్న గాటు పెట్టి, మరిగే నీళ్లలో అరనిమిషం నుంచి నిమిషం ఉంచి చన్నీళ్లలో వేస్తే తొక్క వేళ్లతోనే ఊడొస్తుంది. బాగా పండినవాటికే ఇది పనిచేస్తుంది. తొక్క తీయడం బద్ధకమైతే వదిలేయండి, తినేటప్పుడు నోటికి కాస్త తగులుతుంది, అంతే.

ముక్కలు అర అంగుళం మందాన కోసి, అరకప్పు పంచదార, నిమ్మరసం వేసి పొయ్యి మీద పెట్టండి. పంచదార కరిగి రసం ఊరి, రెండు మూడు నిమిషాలు ఉడికితే చాలు. ఈలోగా వెన్నని ట్రేలో వేసి ఓవెన్‌లో పెడితే కరుగుతుంది, కరగ్గానే తీసేయాలి, మాడనివ్వొద్దు. ఇంకో గిన్నెలో మైదా, పంచదార, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి, పాలు పోసి కలపండి. పొడి పిండి కనపడకుండా పోతే అక్కడితో ఆపాలి, చిన్న చిన్న ఉండలున్నా పర్వాలేదు. అదేపనిగా గిలక్కొడితే మైదా సాగి, కాలాక పైభాగం గట్టిగా వస్తుంది. పిండి గరిటె ఎత్తితే తెగకుండా ధారగా జారాలి.

ట్రే గాజుదైతే ఒక జాగ్రత్త. వేడి గాజు మీద ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలతో కలిపిన పిండి పోస్తే గాజు పగలొచ్చు. పాలు ముందే బయట పెట్టుకోండి, ట్రేని తడి బండ మీద పెట్టకుండా పొడి గుడ్డ మీద పెట్టండి.

ఇప్పుడు అసలు ఘట్టం. కరిగిన వెన్న మీద పిండి పోయండి. వెన్న అంచుల్లోకి తోసుకొచ్చి పైకి తేలుతుంది, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, ఏదో తప్పు జరిగిందనిపిస్తుంది. కలపకండి. దాని మీద పీచ్ ముక్కలు రసంతో సహా చెంచాతో అక్కడక్కడా వేయండి. మళ్లీ కలపకండి. లోపల జరిగేదేంటంటే, అడుగునా అంచుల్లోనూ ఉన్న వెన్నలో పిండి వేగి కరకరలాడుతుంది, బేకింగ్ పౌడర్ వల్ల మధ్యలో పిండి పొంగి పళ్ల సందుల్లోంచి పైకొస్తుంది, పళ్లు బరువుకి కిందికి దిగుతాయి. పైన వేసిన పళ్లు కిందికి, కింద పోసిన పిండి పైకి. కలిపేస్తే వెన్న, రసం, పిండి ఏకమై, ఎంతసేపు కాల్చినా పైన కరకర రాదు, లోపల ముద్దముద్దగా ఉండిపోతుంది.

45 నుంచి 55 నిమిషాలు పడుతుంది, సగం కొలతకి 40 దగ్గర చూడటం మొదలుపెట్టండి. మొదటి అరగంట తలుపు తీయొద్దు, లైటు వేసి అద్దంలోంచి చూడండి. అయిందా లేదా అన్నది రంగుని బట్టి చెప్పకండి, అంచులు అన్నిటికంటే ముందు ఎర్రబడతాయి, అప్పటికి మధ్యలో పచ్చిపిండే ఉంటుంది. చూడాల్సింది రసాన్ని. అంచుల్లోనే కాదు, మధ్యలో కూడా రసం చిక్కగా, నెమ్మదిగా బుడగలు వస్తూ ఉడకాలి. పండు లేని చోట చూసి పిండిలో పుల్ల గుచ్చితే తడిపిండి అంటుకోకూడదు. పైన ముందే ఎర్రబడితే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పి ఇంకో పది నిమిషాలు ఉంచండి. ఓటీజీలో పైన కింద రాడ్లు రెండూ వేసి ట్రేని మధ్య అరలో పెట్టండి. మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్‌లోనే, మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో ఇది కాదు, వృథా ప్రయాస.

బయటికి తీశాక అరగంట ఆగాలి. వేడివేడిగా గరిటె దింపితే రసం నీళ్లలా పారుతుంది, చల్లారే కొద్దీ చిక్కబడుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు పక్కన వెనీలా ఐస్‌క్రీమ్. పక్క వాళ్లు దాల్చినచెక్క పొడి చల్లమంటారు, చిటికెడు వేయండి, చెంచాడు వేస్తే పీచ్ వాసన చచ్చిపోతుంది. యాలకులు పీచ్‌తో నాకు నచ్చవు, మామిడికైతే సరే.

మామిడి అన్నాక అది కూడా చెప్పేస్తాను, విజయవాడలోనో వరంగల్లోనో కూర్చుని పీచ్‌ల కోసం వెతుక్కోవద్దు. బంగినపల్లి, కాస్త గట్టిగా ఉన్నప్పుడు కోసి, పొయ్యి మీద ఉడికించకుండానే వాడండి. పళ్లలో వేసే పంచదార పూర్తిగా మానేసి, నిమ్మరసం రెండు చెంచాలకి పెంచండి, పండిన మామిడిలో పులుపు తక్కువ. రసాలు పనికిరావు, అవి జుర్రుకోవడానికే. డబ్బా పీచ్‌లయితే పాకం చాలావరకు వంపేసి, అక్కడా పంచదార మానేయండి.

ఈ వారం హోంవర్క్: సగం కొలతతో ఒకసారి చేసి, ఎన్ని నిమిషాలకి మధ్యలో బుడగలు వచ్చాయో ఫోన్‌లో రాసుకోండి, ఆ అంకె మీ ఓవెన్‌ది, నాది మీకు పనికిరాదు. వచ్చే భాగంలో పైన బిస్కెట్ పిండి పెట్టి చేసే రకం, దానికి చల్లటి గట్టి వెన్న కావాలి, వేళ్లతో నలపడం నేర్చుకుంటాం. మజ్జిగ కూడా సిద్ధంగా ఉంచుకోండి, అప్పుడు సోడాకి పని పడుతుంది.