సర్వీస్ వర్కర్ రిజిస్ట్రేషన్: మొదటి డిప్లాయ్‌కి ముందే తేల్చుకోవాల్సినవి

సర్వీస్ వర్కర్ అంటే బ్రౌజర్‌లో పేజీకి విడిగా నడుస్తూ, పేజీకీ నెట్‌వర్క్‌కీ మధ్య నిలబడి, క్యాష్‌లో దాచుకున్న కాపీల నుంచి కూడా జవాబివ్వగల జావాస్క్రిప్ట్ ఫైలు. దాన్ని రిజిస్టర్ చేయడానికి ఒక్క లైను కోడ్ చాలు. అయితే అది ఒకసారి లైవ్‌లోకి వెళ్లాక దాని ఫలితం యూజర్ల ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో కూర్చుంటుంది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి తుడిచే వీలు మీకుండదు. అందుకే ఫైలు ఉండే చోటు, దాని పేరు, దానితో సర్వర్ పంపే హెడర్లు (రెస్పాన్స్‌కి జతయ్యే సమాచార లైన్లు), ఈ మూడింటినీ ముందే తేల్చుకోవాలి.

చోటు

వర్కర్ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంటే ఆ ఫోల్డరే దాని స్కోప్. ‘/స్టాటిక్/జెఎస్/ఎస్‌డబ్ల్యూ.జెఎస్’ దగ్గర పెడితే ‘/స్టాటిక్/జెఎస్/’ కింద ఉన్న పేజీలే దాని చేతికి వస్తాయి. అక్కడ పేజీలేవీ ఉండవు కాబట్టి రిజిస్ట్రేషన్ సక్సెస్ అని చూపిస్తుంది, పని మాత్రం జరగదు. ఎర్రర్ కూడా రాదు కాబట్టి గంటల కొద్దీ వెతికించే తప్పు ఇదే. ఫైలుని రూట్‌లో పెట్టండి. వీట్ అనే బిల్డ్ టూల్ వాడుతుంటే ‘పబ్లిక్’ ఫోల్డర్‌లో వేస్తే అది ఉన్నదున్నట్టుగా రూట్‌కి కాపీ అవుతుంది. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో స్టాటిక్ ఫైళ్లకు వేరే ప్రిఫిక్స్ ఉంటుంది కాబట్టి రూట్ యూఆర్‌ఎల్‌కి ఒక వ్యూ (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే ఫంక్షన్) రాసి, అక్కడి నుంచి ఫైలు ఇవ్వండి.

రూట్‌లో పెట్టే వీలు లేకపోతే, ఆ ఫైలు రెస్పాన్స్‌తో పాటు ‘సర్వీస్-వర్కర్-అలౌడ్: /’ అనే హెడర్ పంపి, రిజిస్టర్ చేసేటప్పుడు ‘స్కోప్’ ఆప్షన్‌లో ‘/’ ఇవ్వాలి. రెండూ కావాలి. హెడర్ లేకుండా స్కోప్ పెంచితే సెక్యూరిటీ ఎర్రర్ వస్తుంది. హెడర్ పంపి స్కోప్ ఇవ్వకపోతే పాత ఫోల్డర్ స్కోపే మిగులుతుంది.

చివరి స్లాష్‌ని తేలిగ్గా తీసుకోకండి. స్కోప్ ‘/యాప్/’ అయితే స్లాష్ లేని ‘/యాప్’ పేజీ బయటే ఉండిపోతుంది. అలాగే రిజిస్టర్‌కి ఇచ్చే రిలేటివ్ పాత్‌ని బ్రౌజర్ పేజీ యూఆర్‌ఎల్ నుంచి లెక్కిస్తుంది. ముందు స్లాష్ లేకుండా ఇస్తే, ‘/ఆర్డర్స్/12’ పేజీలో ఉన్న యూజర్ బ్రౌజర్ ‘/ఆర్డర్స్/’ కింద ఆ ఫైలు కోసం వెతికి 404 తెచ్చుకుంటుంది.

పేరు, హెడర్లు

మిగతా జావాస్క్రిప్ట్ ఫైళ్ల పేరుకి హాష్ (ఫైలు మారితే మారే కోడ్) తగిలించడం మంచి అలవాటే, దీనికి మాత్రం వద్దు. పాత వర్కర్ క్యాష్‌లోంచి పాత హెచ్‌టీఎంఎల్ ఇస్తుంటే, ఆ హెచ్‌టీఎంఎల్ పాత పేరుతోనే రిజిస్టర్ చేస్తుంది. కొత్త పేరు ఎప్పటికీ ఆ యూజర్‌కి చేరదు. ఒకే పేరు పెట్టి, దానికే కట్టుబడండి. ఫైలులో ఒక్క బైట్ మారినా బ్రౌజర్ కొత్త వెర్షన్‌గా గుర్తిస్తుంది.

సర్వర్ ఈ ఫైలుని జావాస్క్రిప్ట్ కంటెంట్ టైప్‌తోనే పంపాలి. సింగిల్ పేజ్ యాప్‌లలో దొరకని యూఆర్‌ఎల్‌కి ఇండెక్స్ పేజీ ఇచ్చేలా సెట్ చేసి ఉంటారు. అప్పుడు బిల్డ్‌లో వర్కర్ ఫైలు తప్పిపోతే 404 బదులు హెచ్‌టీఎంఎల్ వస్తుంది. కన్సోల్‌లో ‘అన్‌సపోర్టెడ్ మైమ్ టైప్’ అని కనిపిస్తే ముందు ఆ యూఆర్‌ఎల్‌ని నేరుగా బ్రౌజర్‌లో తెరిచి చూడండి. రీడైరెక్ట్ కూడా కుదరదు. లాగిన్ లేని యూజర్‌ని లాగిన్ పేజీకి పంపే మిడిల్‌వేర్ (ప్రతి రిక్వెస్ట్‌నీ ముందు చూసే సర్వర్ కోడ్) ఉంటే, దాని నుంచి ఈ ఫైలుని మినహాయించండి. ఫైలు మీ ఆరిజిన్‌లోనే (అదే ప్రొటోకాల్, డొమైన్, పోర్ట్) ఉండాలి; సీడీఎన్ (ఫైళ్లను యూజర్లకు దగ్గరి సర్వర్ల నుంచి ఇచ్చే నెట్‌వర్క్) వేరే డొమైన్ మీద ఉంటే అక్కడి నుంచి పనికిరాదు.

క్యాష్-కంట్రోల్ హెడర్‌లో ‘నో-క్యాష్’ (వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ని అడగమని) పెట్టండి. ఇప్పటి బ్రౌజర్లు అప్‌డేట్ చూసేటప్పుడు మామూలుగా ఈ ఫైలుకి హెచ్‌టీటీపీ క్యాష్‌ని పక్కన పెడతాయి. క్రోమ్ 68 నుంచి ఇదే పద్ధతి. అంతకు ముందు గరిష్ఠంగా 24 గంటల వరకు క్యాష్‌ని నమ్మేవి. అయినా మధ్యలో ఉన్న సీడీఎన్ పాత కాపీ ఇస్తే బ్రౌజర్ చేయగలిగింది లేదు, కాబట్టి హెడర్ ఉండాల్సిందే.

కోడ్

హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి, లోకల్‌హోస్ట్‌కి మినహాయింపు ఉంది. ఫోన్‌లో 192.168తో మొదలయ్యే అడ్రస్ తెరిస్తే ఆ మినహాయింపు వర్తించదు, ‘నావిగేటర్.సర్వీస్‌వర్కర్’ అసలు ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి, క్రోమ్ ఇన్‌స్పెక్ట్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ పెడితే ఫోన్‌లోనూ లోకల్‌హోస్ట్ అనే తెరవొచ్చు.

ముందు ‘నావిగేటర్’లో ‘సర్వీస్‌వర్కర్’ ఉందో లేదో చూసి, విండో ‘లోడ్’ ఈవెంట్ తర్వాత ‘రిజిస్టర్’ని పిలవండి. మొదటిసారి వచ్చిన యూజర్‌కి పేజీ బొమ్మలు, ఫాంట్లు దిగుతుండగానే వర్కర్ కూడా తన క్యాష్ నింపుకోవడం మొదలుపెడితే, స్లో నెట్‌వర్క్ మీద పేజీ నిదానిస్తుంది. అయితే మీ కోడ్ ఆలస్యంగా నడిచే బండిల్‌లో ఉంటే ‘లోడ్’ అప్పటికే అయిపోయి ఉండొచ్చు, లిజనర్ ఎన్నటికీ మోగదు. ‘డాక్యుమెంట్.రెడీస్టేట్’ విలువ ‘కంప్లీట్’ అయితే వెంటనే రిజిస్టర్ చేయండి, కాకపోతే ఆగండి. ‘క్యాచ్’ రాసి, అందులో ఎర్రర్‌ని మీ లాగింగ్‌కి పంపండి.

‘రిజిస్టర్’ ఇచ్చే ప్రామిస్ (తర్వాత వచ్చే ఫలితం) సఫలమైందంటే స్క్రిప్ట్ దిగి, నడిచిందనే అర్థం. ఇన్‌స్టాల్ దాని తర్వాత జరుగుతుంది, ఫెయిల్ కూడా కావొచ్చు. ఇన్‌స్టాల్‌లో ఫైళ్లను క్యాష్‌లో వేసే ‘క్యాష్.యాడ్‌ఆల్’కి ఇచ్చిన జాబితాలో ఒక్క ఫైలు 404 అయినా మొత్తం ఇన్‌స్టాల్ పడిపోతుంది. జాబితాని చేత్తో రాయకుండా బిల్డ్ నుంచి తయారయ్యేలా చూడండి. వర్కర్‌లో ఈవెంట్ లిజనర్లన్నీ స్క్రిప్ట్ మొదటిసారి నడిచేటప్పుడే తగిలించాలి. ఏదైనా ‘అవెయిట్’ తర్వాత పెడితే ఈవెంట్లు అందవు.

మొదటి విజిట్‌లో ‘కంట్రోలర్’ (ఆ పేజీని నడిపే వర్కర్) నల్‌గా, అంటే ఖాళీగా, ఉండటం తప్పు కాదు. పేజీ వర్కర్ కంటే ముందే తెరుచుకుంది, తర్వాతి నావిగేషన్ నుంచి అది వర్కర్ కిందకి వస్తుంది. వెంటనే రావాలంటే వర్కర్ ‘యాక్టివేట్’ ఈవెంట్‌లో ‘క్లయింట్స్.క్లెయిమ్’ పిలవండి. షిఫ్ట్ నొక్కి రీలోడ్ చేసినా వర్కర్ పక్కకి తప్పుకుంటుంది, టెస్ట్ చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

అప్‌డేట్

కొత్త వర్కర్ ఇన్‌స్టాల్ అయ్యాక, పాతది వాడుతున్న ట్యాబ్‌లన్నీ మూసేదాకా వెయిటింగ్‌లో ఉంటుంది. ఒక్క ట్యాబ్‌ని రీఫ్రెష్ చేసినా సరిపోదు. ఈ వెయిటింగ్‌ని దాటించే ‘స్కిప్‌వెయిటింగ్’ని ఇన్‌స్టాల్‌లోనే పిలిచే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది; కోడ్‌ని ముక్కలుగా లోడ్ చేసే యాప్‌లో అది ప్రమాదం. తెరిచి ఉన్న పాత పేజీ పాత ముక్కని అడుగుతుంది, కొత్త వర్కర్ అప్పటికే ఆ క్యాష్‌ని తీసేసి ఉంటుంది, స్క్రీన్ ఖాళీ అవుతుంది. ‘కొత్త వెర్షన్ వచ్చింది’ అని యూజర్‌కి చూపించి, బటన్ నొక్కాక వర్కర్‌కి మెసేజ్ పంపి, అక్కడ ‘స్కిప్‌వెయిటింగ్’ పిలవండి. పేజీలో ‘కంట్రోలర్‌చేంజ్’ (కొత్త వర్కర్ పగ్గాలు తీసుకుందనే ఈవెంట్) రాగానే రీలోడ్ చేయండి. అది ఒక్కసారే జరిగేలా ఒక ఫ్లాగ్ పెట్టండి, లేకపోతే లూప్‌లో పడుతుంది. డెవ్‌టూల్స్ అప్లికేషన్ ప్యానెల్‌లో ‘అప్‌డేట్ ఆన్ రీలోడ్’ టిక్ ఉంటే ఈ వెయిటింగ్ మీకు కనిపించదు. రిలీజ్‌కి ముందు ఆ టిక్ తీసి పరీక్షించండి.

తీసేయాల్సి వస్తే

ఫైలుని సర్వర్ మీంచి డిలీట్ చేస్తే అప్‌డేట్ ఫెయిలవుతుంది, పాత వర్కర్ అలాగే నడుస్తుంది. అదే యూఆర్‌ఎల్‌లో ఇంకో చిన్న వర్కర్ పెట్టాలి: ఇన్‌స్టాల్‌లో ‘స్కిప్‌వెయిటింగ్’, యాక్టివేట్‌లో క్యాష్‌లన్నీ డిలీట్, తర్వాత ‘రిజిస్ట్రేషన్.అన్‌రిజిస్టర్’. ఫెచ్ లిజనర్ (పేజీ రిక్వెస్టులను పట్టుకునే కోడ్) ఉండకూడదు. అన్‌రిజిస్టర్ క్యాష్ స్టోరేజ్‌ని ముట్టుకోదు, కాబట్టి డిలీట్ మీరే రాయాలి. పేజీల్లోంచి రిజిస్టర్ లైను కూడా తీసేయండి. ఈ ఖాళీ వర్కర్‌ని నెలల తరబడి అక్కడే ఉంచండి. ఎప్పుడో ఒకసారి సైట్‌కి వచ్చే యూజర్ దగ్గర పాతది ఇంకా ఉంటుంది.