ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఆంప్లిఫయర్)లో చేసిన మార్పును చెవితో పరీక్షించడం ఎలా?

సామాను: ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ఎల్‌టీస్పైస్ (సర్క్యూట్‌ని కంప్యూటర్‌లోనే నడిపి చూపే ప్రోగ్రాం), మల్టీమీటర్, ముందు దశలో సిగ్నల్ పెంచే 12ఏఎక్స్7 ట్యూబు ఒకటి, స్పీకర్‌ని నడిపే ఈఎల్84 ట్యూబు ఒకటి. చిల్లర సామాను కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చుకోండి. ట్యూబుకీ స్పీకర్‌కీ మధ్య ఉండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

ముందు సిమ్యులేషన్. ఈఎల్84 ప్లేటుకు 250 వోల్టులు, 48 మిల్లీయాంపులు ఇస్తే 12 వాట్లు. దాని హద్దు అదే. నేను 10 వాట్లు దాటనివ్వను, మీరూ దాటనివ్వకండి. అర్ధరాత్రి మా వీధిలో కరెంటు 245 వోల్టుల దాకా ఎగబాకుతుంది, ఆ సంగతి ల్యాప్‌టాప్‌కి తెలియదు. రెసిస్టర్ల విలువలు అక్కడే తేల్చుకోండి. చెవితో బయాస్ (పాట లేనప్పుడు ట్యూబులో ఎంత కరెంటు పారాలో) పెట్టేవాళ్ళు ట్యూబులు తగలేస్తారు.

ఇక సోల్డరింగ్. స్విచ్ ఆపాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు ఉంటుంది. వాటిని ఖాళీ చేసి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి. స్పీకర్ తగిలించకుండా ఆంప్ నడపొద్దు.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. 12ఏఎక్స్7 క్యాథోడ్ రెసిస్టర్‌కి సమాంతరంగా వేసే కెపాసిటర్ ఉంటే బాగుందా, లేకపోతే బాగుందా? 100 కిలోమ్ ప్లేటు రెసిస్టర్, 1.5 కిలోమ్ క్యాథోడ్ రెసిస్టర్‌తో, కెపాసిటర్ ఉంటే గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ లెక్క) దాదాపు 60, తీసేస్తే 30 చిల్లర. పెట్టగానే పాట పెద్దగా వస్తుంది, "ఆహా, ప్రాణం వచ్చింది" అంటారు. వచ్చింది ప్రాణం కాదు, వాల్యూమ్. నేనూ రెండేళ్ళు ఇలాగే మోసపోయాను.

కాబట్టి రెండు వరసల స్విచ్ పెట్టండి. ఒక వరస కెపాసిటర్‌ని కలపాలి, రెండోది అదే సమయంలో ఇన్‌పుట్‌లో ఒక ట్రిమ్మర్‌తో (తిప్పితే విలువ మారే చిన్న రెసిస్టర్) సిగ్నల్ తగ్గించాలి. 400 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, స్పీకర్ దగ్గర మీటరు పెట్టి, స్విచ్ ఎటున్నా 2 వోల్టులే వచ్చేలా ట్రిమ్మర్ తిప్పండి. తేడా 0.02 దాటకూడదు. 1000 హెర్ట్జ్ వద్దు, చవక మీటర్లు అక్కడ తప్పు చూపిస్తాయి. కెపాసిటర్ వైపు స్విచ్ కాళ్ళ మధ్య 1 మెగోమ్ రెసిస్టర్ వేయండి, లేదంటే టప్‌మనే చప్పుడే ఏది ఏదో చెప్పేస్తుంది.

స్విచ్ మీరు ముట్టుకోవద్దు. మా ఇంట్లో బావమరిది వెనక కూర్చుని నాణెం ఎగరేసి తిప్పుతాడు, నేను ఘంటసాల గొంతు వింటూ రాసుకుంటాను. 16 సార్లలో 12 సరిగ్గా రాకపోతే ఊహించినట్టే లెక్క.

తేడా నిజంగానే వినిపించిందా? ఎల్‌టీస్పైస్‌కి మళ్ళీ వెళ్ళండి. అందులో స్పీకర్ బదులు 8 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఉంటారు. ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి సరిదిద్దడం) లేని పెంటోడ్‌తో, అంటే మన ఈఎల్84 లాంటి ట్యూబుతో, అది శుద్ధ అబద్ధం. స్పీకర్ అసలు ఇంపెడెన్స్ (ఫ్రీక్వెన్సీని బట్టి మారే అడ్డు) వేసి నడపండి, బేస్ దగ్గర గీత గుట్టలా లేస్తుంది.