మలేరియా మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్లే ముందు

సైన్యంలో ఉండి మలేరియా ఉన్న ప్రాంతానికి డ్యూటీ పడితే, అది రాకుండా మాత్ర తప్పదు. మలేరియా ప్రాణం తీసే జబ్బు. కాకపోతే చేతిలో పెట్టిన మాత్ర పేరేమిటో అడగండి. అది మెఫ్లోక్విన్ అయితే, అంటే లారియం పేరుతో చాలా సైన్యాలు వాడిన మందు అయితే, వేసుకునే ముందే డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి.

డిప్రెషన్, ఆందోళన జబ్బు, సైకోసిస్ (ఏది నిజమో ఏది కాదో తెలియని మానసిక స్థితి), మూర్ఛ వీటిలో ఏది ఉన్నా, ఇదివరకు వచ్చిపోయినా, ఈ మందు నివారణకు వాడకూడదు. ఇక్కడే చాలామంది నోరు విప్పరు. చెబితే డ్యూటీకి పంపరేమో, రికార్డులో మచ్చ పడుతుందేమో అని టెన్షన్. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా చెప్పండి. రోజూ వేసుకునే డాక్సీసైక్లిన్, అటొవాక్వోన్-ప్రోగ్వానిల్ లాంటి వేరే మందులున్నాయి. 2016లో బ్రిటన్ పార్లమెంటు రక్షణ కమిటీ కూడా, వేరే దారి లేనప్పుడే సైనికులకు మెఫ్లోక్విన్ ఇవ్వాలని చెప్పింది.

ఇది వారానికొక మాత్ర. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెడితే, మందు ఒంటికి పడకపోతే ఇంటి దగ్గరుండగానే బయటపడే అవకాశం ఉంటుంది. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లకు, వెళ్లాక పక్క బెడ్ మీది తోటి జవానుకు ముందే చెప్పి ఉంచండి. మనిషి మారుతున్నాడని పక్కవాళ్లకే ముందు తెలుస్తుంది.

ఈ మందు వల్ల రాగల ఇబ్బందులు ఇవి: పీడకలలు, నిద్ర పట్టకపోవడం, కారణం లేని భయం, చిరాకు, అందరి మీదా అనుమానం, లేని మాటలు వినబడటం, చచ్చిపోవాలనిపించడం, తల తిరగడం, తూలడం, చెవిలో హోరు. యుద్ధభూమిలో ఇవన్నీ డ్యూటీ ఒత్తిడి లెక్కలో కొట్టుకుపోతాయి. అలా వదిలేయకండి. ఒక్కటి కనిపించినా తర్వాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు డాక్టరును కలవండి, బదులు మందు మొదలుపెట్టించుకోండి. చచ్చిపోవాలనిపిస్తే ఆ మనిషిని ఒంటరిగా ఉంచకూడదు, ఆయుధం దగ్గర ఉండనివ్వకూడదు.

తలతిరుగుడు, తూలుడు, చెవి హోరు కొందరిలో శాశ్వతంగా ఉండిపోవచ్చని 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన అతి తీవ్రమైన హెచ్చరికను ఈ మందుపై పెట్టింది. మానసిక లక్షణాలు కూడా మందు ఆపాక నెలలు, ఏళ్లు ఉండొచ్చు.

మందు ఒంటికి పడినవాళ్లు తిరిగొచ్చాక మరో నాలుగు వారాలు వేసుకోవాలి. ఏ మందు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ లక్షణం ఎప్పుడు మొదలైందో రాసి దాచుకోండి. ఏళ్ల తర్వాత నిద్రలేమికో ఆందోళనకో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆ కాగితం కూడా తీసుకెళ్లి చూపించండి.