తొక్కలు, టెంకలు, కొబ్బరి పొట్టుతో కంపోస్టు యూనిట్: అనుమతులకు దరఖాస్తు ఎలా?

ఆత్రేయపురంలో తాండ్ర చేశాక మామిడి టెంకలు, తొక్కలు మిగులుతాయి. రావులపాలెం వైపు అరటి తొక్కలు, అంబాజీపేట వైపు కొబ్బరి పొట్టు. కాలవగట్టున పారబోయాల్సిన సరుకు కాదిది, చక్కటి ఎరువు. తయారుచేసింది మీ తోటకే వేసుకుంటే ఎరువుల లైసెన్సు అక్కర్లేదు. అమ్మాలనుకుంటే మాత్రం కాలుష్య నియంత్రణ మండలి, వ్యవసాయ శాఖ, రెండు చోట్లా అనుమతి తీసుకోవాలి.

ముందు మండలి సంగతి. షెడ్డుకు పునాది తీయకముందే సీఎఫ్‌ఈ, అంటే యూనిట్ పెట్టుకోవడానికి అనుమతి కావాలి. కట్టడం పూర్తయ్యాక, పని మొదలుపెట్టే ముందు సీఎఫ్‌ఓ, అంటే యూనిట్ నడపడానికి అనుమతి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. స్థలం పత్రాలు లేదా లీజు, సైట్ ప్లాన్, ప్రాజెక్టు రిపోర్టు, పెట్టుబడి ఎంతో చూపే సీఏ సర్టిఫికెట్ ముందే స్కాన్ చేసి ఉంచుకోండి. ఫీజు ఆ పెట్టుబడిని బట్టే ఉంటుంది. కాలుష్యం ఎంతో బట్టి మండలి యూనిట్లను రంగుల కేటగిరీలుగా విడగొడుతుంది, మీ యూనిట్ ఏ రంగు కేటగిరీలోకి వస్తుందో ముందే అడిగి తెలుసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

సైట్ ప్లాన్ దగ్గర తొందరపడకండి. మన డెల్టాలో నాలుగడుగులు తవ్వితే చాలాచోట్ల నీళ్లు పడతాయి. పక్కనే పంట బోదె, దాని అవతల ఊరి చెరువు. పచ్చి తొక్కల గుట్టలోంచి కారే నల్లటి ఊట అందులో కలిస్తే ఆ నీళ్లు తాగేది మన పిల్లలే. నేను సాయం చేసిన ఒక దరఖాస్తు ఇక్కడే ఆగిపోయింది. ప్లాన్‌లో షెడ్డు గీశాం, ఊట ఎటు పోతుందో గీయలేదు. మళ్లీ వేసినప్పుడు పైకప్పు, సిమెంటు నేల, దాని వాలు, చుట్టూ కాలువ, ఊట గుంట, ఆ ఊటనే తిరిగి గుట్టపై చల్లే పద్ధతి అన్నీ చూపించాం. వరద నీరు ఎంత ఎత్తు వస్తుందో ఊళ్లో పెద్దవాళ్లని అడిగి, నేల అంతకంటే పైకి లేపండి.

తయారీ విధానం రాసేచోట ఏది ఎంత కలుపుతారో స్పష్టంగా ఉండాలి. తొక్కల్లో నీరెక్కువ, పొట్టులో కార్బన్ ఎక్కువ. గుట్ట వేసేటప్పుడు మొత్తం కలిపాక కార్బన్, నత్రజని 30కి 1 దగ్గర ఉంటే మంచిది. టెంకలు నలగ్గొట్టకపోతే త్వరగా కుళ్లవు. గుప్పెడు తీసి పిండండి. చెయ్యి తడవాలి గానీ వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు.

తర్వాత వ్యవసాయ శాఖ. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం తయారీ సర్టిఫికెట్‌కి 'డి' ఫారంలో దరఖాస్తు చేయాలి. అంతకుముందే తయారైన ఎరువు నమూనా ల్యాబులో చూపించుకోండి. తేమ 25 శాతం మించకూడదు, కార్బన్-నత్రజని నిష్పత్తి 20 లోపు ఉండాలి, కిలోకి సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. వానాకాలంలో తేమ దగ్గరే ఎక్కువగా తప్పుతుంది, అందుకని ఆరబెట్టే చోటు కూడా కప్పు కిందే పెట్టుకోండి.

సీఎఫ్‌ఓ చేతికొచ్చాక దాని గడువు తేదీ గోడమీద రాసి పెట్టుకోండి. రెన్యువల్‌కి ఆ తేదీ రాకముందే వేయాలి.