పాత కార్వెట్ మొరాయిస్తే: లక్షణం చూసి లోపం పట్టడం

1963 నుంచి 1967 దాకా వచ్చిన షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్ స్టింగ్ రేని ఇష్టపడేవాళ్ళకు సెబ్రింగ్ (అమెరికాలో 12 గంటల రేసు), లె మాన్ (ఫ్రాన్స్‌లో 24 గంటల రేసు) పేర్లు వింటేనే ఒళ్ళు పులకరిస్తుంది. ఆ మోజుతో కారు కొంటారు. మొదటి వేసవిలోనే ఇంజిన్ వేడెక్కుతుంది, బ్రేకు పెడల్ మెత్తబడుతుంది. ఆ రోజుల్లో 12 గంటలు, 24 గంటలు పరుగెత్తాల్సిన కార్లను సగంలో ఆపేసినవాటిలో కూడా ఈ రెండూ ఉండేవి. అమెరికాలో ఇలాంటి కారు కొన్న మనవాళ్ళకు చెప్పేది ఒక్కటే: విడిభాగాలు ఆర్డర్ పెట్టేముందు, తేడా ఎప్పుడు కనబడుతోందో గమనించండి. ఆగి ఉన్నప్పుడా, పరుగులోనా, ఆపి మళ్ళీ తీసినప్పుడా?

ఇంజిన్ వేడెక్కుతోంది

ముందు మీటరు ముల్లును నమ్మకండి. అరవై ఏళ్ళ మీటరు అది. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే కవాటం) దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో అసలు వేడి ఎంతో చూడండి.

సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కి, రోడ్డెక్కాక చల్లబడుతోందా? అయితే రేడియేటరుకు గాలి చాలడం లేదు. ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ (గాలిని రేడియేటర్ గుండానే లాగించే తొడుగు) ఉందా, రేడియేటర్ అంచుల్లో సీళ్ళు ఉన్నాయా చూడండి. ఎప్పుడో ఏ మెకానిక్కో ఊడదీసి, తిరిగి పెట్టకుండా వదిలేసే సామాను ఇదే. సీలు లేకపోతే గాలి రేడియేటర్‌లోకి దూరకుండా పక్క సందుల్లోంచి జారుకుంటుంది. తర్వాత ఫ్యాన్ క్లచ్, అంటే ఇంజిన్ వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ని గట్టిగా పట్టి తిప్పే భాగం. వేడి ఇంజిన్ ఆపేసి ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి. అడ్డూ ఆపూ లేకుండా గిరగిరా తిరిగితే క్లచ్ పోయినట్టే. ఇవి రెండూ బాగుంటే డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచేది) మీద వాక్యూమ్ అడ్వాన్స్ (స్పార్క్‌ని ముందుకు జరిపే భాగం) గొట్టం చూడండి. అది ఊడినా, లోపలి డయాఫ్రం (పల్చటి పొర) చిరిగినా, ఐడిల్‌లో (కారు ఆగి ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు) స్పార్క్ ఆలస్యంగా పడి ఆ వేడంతా ఎగ్జాస్ట్ దారుల్లోకి, అక్కడి నుంచి కూలెంట్‌లోకి, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళలోకి చేరుతుంది.

హైవే మీద మాత్రమే వేడెక్కితే నీళ్ళు సరిగా తిరగడం లేదన్నమాట. రేడియేటర్ లోపల పూడిక కావచ్చు. కింది హోస్‌లో స్ప్రింగ్ లేక, పంపు లాగినప్పుడు హోస్ నొక్కుకుపోతూ ఉండొచ్చు. బానెట్ ఎత్తి, మరొకరిని ఇంజిన్ రేజ్ చేయమంటే ఆ నొక్కుడు కంటికే కనిపిస్తుంది.

కొత్త కారుకే ఈ తిప్పలు తప్పలేదు. 1960లో బ్రిగ్స్ కనింగ్‌హామ్ బృందం కార్వెట్లను లె మాన్‌కు తీసుకెళ్ళింది. జాన్ ఫిచ్, బాబ్ గ్రాస్‌మన్ నడిపిన 3వ నంబరు కారు చివరి గంటల్లో కూలెంట్ కోల్పోయింది. నిర్ణీత ల్యాపులు పూర్తికాకుండా నీళ్ళు పోయకూడదని అక్కడి నియమం. పోయలేరు, ఆపలేరు. పిట్‌లోకి (రేసు మధ్యలో కారు ఆపి పనులు చేసే చోటికి) వచ్చిన ప్రతిసారీ ఇంజిన్ మీద ఐసు ముక్కలు కుక్కి మళ్ళీ పంపించారు. అలాగే గట్టెక్కి, తన తరగతిలో గెలిచి, మొత్తం మీద 8వ స్థానంలో నిలిచింది. వాళ్ళకు వేరే దారి లేదు. మీకుంది, కాబట్టి పక్కకు తీసి ఆపండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తిప్పొద్దు.

బ్రేకు పెడల్ మెత్తగా దిగిపోతోంది

1963, 64 కార్లకు డ్రమ్ములు. వరసగా గట్టిగా తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతాయి. చల్లారాక మామూలైతే లోపం కాదు, వాటి గుణమే అంత. 1965 నుంచి నాలుగు చక్రాలకూ డిస్కులు వచ్చాయి. అసలు తలనొప్పి వీటితోనే.

చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే క్యాలిపర్ (పిస్టన్లతో డిస్కును నొక్కే భాగం) కారుతోంది. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, ఆ తేమకు పిస్టన్ కదిలే పోతఇనుప బోరు తుప్పుపట్టి గుంటలు పడుతుంది, సీలు ఎంత కొత్తదైనా ఆగదు. నెలల తరబడి నడపకుండా కవరు కప్పి ఉంచే కార్లకే ఈ జబ్బు ఎక్కువ. సీళ్ళు మార్చి డబ్బు తగలేయకండి, స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ వేసిన క్యాలిపర్లు బిగించండి.

ఎక్కడా తడి లేదు, బ్లీడింగ్ చేస్తే (పైపుల్లోని గాలి తీసేస్తే) పెడల్ గట్టిపడుతుంది, కొన్నాళ్ళు నడిపితే మళ్ళీ మెత్తబడుతుంది. దీనికి చాలామంది మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే పంపు) మార్చేస్తారు, ఫలితం ఉండదు. వంకర ఉన్నది డిస్కులో. డిస్కు ఊగితే పిస్టన్లు వెనకా ముందూ ఆడి, సీలు పక్కనుంచి గాలిని లోపలికి లాగుతాయి. డయల్ గేజీ పెట్టి కొలవండి. ఊగు 0.005 అంగుళం దాటకూడదు, అందులో సగమే ఉంటే ఇంకా మంచిది. ఫ్యాక్టరీలో డిస్కును హబ్బుకు రివెట్ చేసేవారు. రివెట్లు తీసి కొత్త డిస్కు వేసిన కార్లలో ఈ తేడా తరచూ వస్తుంది. షిమ్ములు (పల్చటి రేకులు) వేసి సరిచేయాలి.

డిస్కు గురించి పట్టింపు అతి అనుకునేవాళ్ళు 1966 లె మాన్ గుర్తు చేసుకోవాలి. ఫోర్డ్ జీటీ40 మార్క్ 2లో 7 లీటర్ల ఇంజిన్. అక్కడి పొడవాటి తిన్నని మల్సాన్ దారిలో 320 కి.మీ. వేగం దాటి, చివర్లో ఒక్కసారిగా బ్రేకు కొట్టాలి. ఆ వేడికి డిస్కులు పగిలిపోయేవి. ఫోర్డ్ బృందం ఇంజినీరు ఫిల్ రెమింగ్టన్ డిస్కుల్ని పిట్‌లోనే చకచకా మార్చే ఏర్పాటు చేశాడు. ఆ ఏడు మొదటి మూడు స్థానాలూ ఫోర్డువే.

వేడి మీద ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు

సెల్ఫ్ బాగానే తిరుగుతూ పెట్రోల్ వాసన కొడితే, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ మరిగి లోపలికి పొంగింది. ఆక్సిలరేటర్ పూర్తిగా నేలకు నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి, పదేపదే తొక్కొద్దు. శాశ్వతంగా పోవాలంటే కార్బ్యురేటర్ కింద వేడి ఆపే మందపాటి గాస్కెట్ వేయించండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ వాడుతున్నారు గనక పాత రబ్బరు పైపులు కూడా మార్చేయండి. సెల్ఫే నీరసంగా మూలిగితే బ్యాటరీ కంటే ముందు ఎర్త్ కేబుల్ చూడండి.

లైట్లు మసక, పెట్రోల్ మీటరు ఎప్పుడూ ఫుల్

బాడీ ఫైబర్‌గ్లాస్, కరెంటు పారదు. ప్రతి దీపానికీ ఎర్త్ వైరు ఫ్రేము దాకా పోవాలి. ట్యాంకు దగ్గర ఎర్త్ తెగితే ముల్లు ఫుల్ దాటి కూర్చుంటుంది. తుప్పు గీకి, బిగించండి, అంతే.

టిక్ టిక్ శబ్దం, కార్బ్యురేటర్‌లోంచి పేలుళ్ళు

కింద నుంచి గుభేల్ గుభేల్‌మని బరువైన చప్పుడు వస్తే వెంటనే ఇంజిన్ ఆపండి, అది బేరింగు. 1967 లె మాన్‌లో డిక్ గుల్డ్‌స్ట్రాండ్, బాబ్ బాండురాంట్‌ల ఎల్88 (రేసుల కోసం చేసిన శక్తిమంతమైన ఇంజిన్) కార్వెట్ తన తరగతిలో ముందుండి కూడా, ఇంజిన్ పోయి సగం రేసుకే ఆగింది. పైనుంచి టిక్ టిక్, దానికి తోడు కార్బ్యురేటర్‌లోంచి టప్పుమంటే క్యామ్ (వాల్వులను తెరిపించే ఇరుసు) అరుగుతోందేమో చూడాలి. ఈ ఇంజిన్ల ట్యాపెట్లు (క్యామ్ కదలికను వాల్వుల వైపు అందించేవి) క్యామ్ మీద రాసుకుంటూ నడుస్తాయి, వాటిని కాపాడేది ఆయిల్‌లోని జింకు, ఫాస్ఫరస్. పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం ఇప్పటి కార్ల ఆయిళ్ళలో అవి తగ్గించారు. పాత కార్లకని అమ్మే ఆయిలే పోయండి. క్యామ్ మారిస్తే ట్యాపెట్లు కూడా కొత్తవే వేయాలి. మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడిల్‌లో వదలకుండా 20 నిమిషాలు 2,000 ఆర్‌పీఎం పైన ఉంచాలి.