ఐకాన్ చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: సువార్తలో లేనివి బొమ్మలోకి ఎలా వచ్చాయి?

గత రెండు పాఠాల్లో రంగులు, కాంతివలయాలు, అంచుల్లో రాసే గ్రీకు అక్షరాలు చూశాం. బొమ్మలో ఉన్నది ఎవరో ఇప్పుడు మీరు గుర్తుపట్టగలరు. ఈసారి నేర్చుకునేది ఇంకొంచెం ఓపిక అడిగే పని. బైబిల్లో లేకపోయినా ఐకాన్‌లో, అంటే ఆరాధనలో వాడే పవిత్ర చిత్రంలో, కనిపించే వివరాలను వేరుచేయాలి, అవి ఎక్కడివో, ఎందుకు నిలిచాయో తెలుసుకోవాలి.

బైజాంటైన్ పద్ధతిలో, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు క్రైస్తవ సంప్రదాయంలో, వేసిన క్రీస్తు జననం బొమ్మ ఒకటి ముందు పెట్టుకోండి. పలెర్మోలోని పాలటైన్ చాపెల్‌లో ఉన్న 12వ శతాబ్దపు మొజాయిక్ (చిన్న రంగు ముక్కలతో కూర్చిన చిత్రం) అయితే చాలా బాగుంటుంది. పక్కన మత్తయి, లూకా సువార్తల 2వ అధ్యాయాలు తెరిచి ఉంచండి. బొమ్మలో కనిపించే ప్రతి మనిషినీ, జంతువునూ, వస్తువునూ కాగితం మీద రాసి, వాక్యంలో దొరికినవాటిని కొట్టేస్తూ వెళ్ళండి. తొట్టి, పొత్తిగుడ్డలు, గొల్లలు, దూతలు లూకాలో దొరుకుతాయి. నక్షత్రం, జ్ఞానులు మత్తయిలో ఉంటారు. గుహ, ఎద్దు, గాడిద, బిడ్డకు స్నానం చేయిస్తున్న స్త్రీలు మాత్రం మిగిలిపోతారు. యోసేపు సువార్తల్లో ఉన్నాడు కానీ, ఒక మూలన ముసలివాడిగా, చెయ్యి చెంపకు ఆనించుకుని కూర్చున్న యోసేపు లేడు. కాబట్టి అతన్ని సగం కొట్టేయండి.

మిగిలినవాటిలో చాలావరకు ఒక్క పుస్తకానికే చేరతాయి. అది 2వ శతాబ్దంలో గ్రీకులో రాసిన యాకోబు పూర్వసువార్త. మరియ తల్లిదండ్రుల పేర్లు యోవాకీము, అన్న అని మొదట చెప్పింది ఇదే. యోసేపును పెద్ద వయసువాడిగా, అప్పటికే కొడుకులున్నవాడిగా చూపింది కూడా ఇదే. యేసు సహోదరుల గురించి సువార్తల్లో ఉన్న ప్రస్తావనకు అలా ఒక జవాబు దొరికింది. ప్రసవం గుహలో జరుగుతుంది. మంత్రసాని వస్తుంది. ప్రసవం తర్వాతా మరియ కన్యగానే ఉందన్న మాటను సలోమి అనే స్త్రీ నమ్మక పరీక్షించబోతే ఆమె చెయ్యి పాడవుతుంది, బిడ్డను తాకగానే బాగవుతుంది. గుహ మాట ఈ ఒక్క పుస్తకంలోనే ఉందనుకోకండి. అదే శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత కూడా గుహ గురించి రాశాడు. 4వ శతాబ్దంలో బేత్లెహేములో ఆలయం కట్టింది కూడా ఒక గుహ మీదే.

బొమ్మలో స్నానం చేయించే స్త్రీలను ఈ మంత్రసాని, సలోమిలుగానే చెబుతారు. వాళ్ళ విషయంలో పెద్ద తగువే నడిచింది. అక్కడ మంత్రసాని ఎవరూ లేరని, తల్లే బిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టిందని లూకాయే చెబుతున్నాడని, బైబిల్‌ను లాటిన్‌లోకి అనువదించిన జెరోము 383 ప్రాంతంలో గట్టిగా వాదించాడు. పడమటి దేశాల చిత్రాల్లో ఈ స్త్రీలు కాలక్రమంలో తగ్గిపోయారు. తూర్పు సంఘాల ఐకాన్లలో నిలిచిపోయారు. ఎందుకంటే ఆ స్నానం ఒక విశ్వాసాన్ని చూపిస్తుంది: పుట్టినవాడు నిజమైన శరీరం ఉన్న మనిషి, అందరు పసిబిడ్డల్లాగే అతనికీ నీళ్ళు పోయాలి. ఆ స్నానపు తొట్టెలో బాప్తిస్మపు తొట్టిని చూసేవాళ్ళూ ఉన్నారు.

ఎద్దు, గాడిద దగ్గర తొందరపడకండి. అవి అపోక్రిఫా (బైబిల్లో చేర్చని పాత క్రైస్తవ పుస్తకాలు) నుంచి వచ్చాయని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సూడో మత్తయి అనే లాటిన్ పుస్తకంలో అవి బిడ్డకు మొక్కుతాయన్నది నిజమే. కానీ మిలాన్‌లో స్టిలికో పేరుతో పిలిచే రాతి శవపేటిక మీద, 4వ శతాబ్దం చివరికే, బిడ్డకు రెండు పక్కలా ఈ జంతువులు ఉన్నాయి. ఆ పుస్తకం దానికి చాలా తర్వాతిది. అంటే బొమ్మే ముందు. దానికి మూలం యెషయా 1:3. ఎద్దుకూ గాడిదకూ తమ యజమాని తెలుసు, నా ప్రజలకే తెలియదు అన్న ప్రవక్త బాధ అది. అందుకే ఒక వివరం అపోక్రిఫాలో కనిపించగానే ఆగిపోకుండా, దాని వెనక బైబిల్ వాక్యం ఏదైనా ఉందా అని ఇంకో మెట్టు దిగి చూడాలి. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. ఈ పుస్తకాలను లేఖనంతో సమానం చేయకూడదు. అలాగని వాటిని చెత్తబుట్టలో వేస్తే, శతాబ్దాల పాటు జనం బొమ్మల్లో దాచుకున్న ధ్యానం మన చేతికి అందదు.

ఇప్పుడు గబ్రియేలు శుభవార్త చెప్పే ఐకాన్ మీద మీరే ప్రయత్నించండి. మాస్కోలోని ట్రెత్యాకోవ్ గ్యాలరీలో ఉన్న 12వ శతాబ్దపు ఉస్తుగ్ ఐకాన్‌లో మరియ చేతిలో ఎర్రటి దారం ఉంటుంది. రోములో శాంతా మరియా మజ్జోరే ఆలయంలోని 5వ శతాబ్దపు మొజాయిక్‌లోనూ ఆమె నూలు వడుకుతూనే ఉంటుంది. లూకా 1 చదవండి, దారం ఊసే లేదు. పూర్వసువార్తలో ఉంది: దేవాలయపు తెర కోసం ఊదా, ఎరుపు నూలు వడికే పని చీట్లలో మరియకు వస్తుంది. ఇక్కడితో ఆగకుండా ఇంకో మెట్టు దిగండి. మత్తయి 27:51లో ఆ తెర రెండుగా చినుగుతుంది. హెబ్రీ 10:20 ఆ తెర క్రీస్తు శరీరమే అంటుంది. ఈ మూడూ కలిపి చూస్తే మరియ వేళ్ళ మధ్య తయారవుతున్నది ఏమిటో అర్థమవుతుంది. ఆ దారం దగ్గర కాసేపు ఆగండి, తొందరేం లేదు. తర్వాతి కాలపు పడమటి చిత్రాల్లో కదురు పోయి ఆమె ముందు పుస్తకం వచ్చింది. అది అందమైన మార్పే, కానీ దాంతో ఈ తెర కథ కనుమరుగైంది.

అభ్యాసానికి మరియ నిద్ర, అంటే ఆమె మరణ ఘట్టం ఐకాన్ తీసుకోండి. మంచం వెనక నిలబడిన క్రీస్తు చేతుల్లో తెల్లటి గుడ్డల్లో చుట్టిన పసిపాప ఎవరు? పైన చెప్పినట్టే కాగితం మీద పట్టీ రాసి, జననం బొమ్మలోని తొట్టి పక్కన పెట్టి పోల్చండి. కొన్ని ఐకాన్లలో మంచం ముందు ఒకడి చేతులను దూత కత్తితో నరుకుతూ ఉంటాడు. ఆ వివరం కింద గీత గీసి ఉంచండి.

4వ పాఠంలో ఇస్తాంబుల్‌లోని ఒకప్పటి ఖోరా ఆలయంలో (ఇప్పుడది మసీదు) క్రీస్తు ఆదామును, హవ్వను సమాధుల్లోంచి లాగుతున్న కుడ్యచిత్రం చదువుదాం. దానికి నికొదేము సువార్త అనే మరో అపోక్రిఫా పుస్తకం కావాలి. ఈలోగా 1 పేతురు 3:18-20 చదివి రండి, ఆ చిత్రంలో క్రీస్తు పాదాల కింద చెల్లాచెదురుగా పడి ఉన్నవి ఏమిటో రాసుకుని ఉంచండి.